కాకసస్ లోయలోని నల్లద్రాక్ష

మన ఆలంకారికులు కావ్యముల రుచిని మూడు పాకములుగా విభజించి చెప్పిరి. నోట వేసికొనగానే రసము లభించునది ద్రాక్షాపాకము. తోలు ఒలిచినగాని రుచి తెలియనిది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టి, శ్రమపడినగాని లోపలి తీపి అందనిది నారికేళపాకము. ద్రాక్ష అనగానే సులభమైన మాధుర్యమని మనము తలచుట ఈ విభాగమునుండి వచ్చిన అలవాటే. అయితే ఈ అలవాటును కాదని నిలిచిన ద్రాక్ష యొకటి కలదు. దాని పేరు సపెరవి. చూచుటకు నలుపు, కొరికినచో లోపలి కండయు ఎరుపే, రసము పులుపు. ఆ రసముతో చేసిన ఆసవము తొలి యేడు నాలుకను బిగబట్టునంత వగరుగా ఉండును. కొన్ని యేండ్లు గడచినగాని దాని మంచితనము బయటపడదు. ద్రాక్షజాతిలో పుట్టియు నారికేళపాకమున చేరిన ఫలమిది.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది పానముయొక్క గొప్పతనము కాదు. ఒక చిన్న దేశము తన తీగను ఎట్లు కాపాడుకొన్నదో, దండయాత్రలును, ప్రభుత్వపు ఉత్తరువులును, మూతపడిన సంతలును ఆ తీగను ఎన్నిమారులు నరికినను అది ఎక్కడనుండి మరల చిగిర్చినదో, ఆ చరిత్రను శ్రోతల ముందుంచవలెనని మా ఉద్దేశము. ఆ చరిత్రలో ఒక పుట మన హైదరాబాదు నగరమునకును సంబంధించియున్నదని ముందుగానే మనవి చేయుచున్నాము.

నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ మహాపర్వతశ్రేణికి దక్షిణమున జార్జియా దేశమున్నది. అమెరికాలోని జార్జియా రాష్ట్రమునకును దీనికిని పేరు తప్ప వేరు సంబంధము లేదు. దీని వైశాల్యము సుమారు 69,700 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ రాష్ట్రములో మూడింట రెండు వంతులకన్న కొంచెము తక్కువ. జనసంఖ్య సుమారు 37 లక్షలు. ఆ దేశీయులు తమ నాడును సకార్త్వెలో అని పిలుచుకొందురు. వారి భాష ఇండో-యూరోపియను కుటుంబమునకుగాని, తురుష్క కుటుంబమునకుగాని చేరినది కాదు. 33 అక్షరములుగల స్వంత లిపి వారికి కలదు. ఒకవైపు రష్యా, మరియొకవైపు తురుష్కదేశము, దక్షిణమున కొంత దూరములో పారశీకదేశము ఉండుటచే ఇంత చిన్న జాతి తన భాషతో, తన లిపితో మిగిలియుండుటయే ఒక వింత.

ఈ దేశపు తూర్పు సీమకు కఖేతి యని పేరు. ఉత్తరమున మంచుకప్పిన కాకసస్ శిఖరములు గోడవలె నిలిచి చలిగాలిని కొంత అడ్డగించును. వాని క్రింద అలజాని నది ప్రవహించు వెడల్పైన లోయ కలదు. నల్లసముద్రపు తేమ పశ్చిమ జార్జియాను తడిపినంతగా ఈ లోయను తడుపదు. వేసవి వేడిగను, పొడిగను ఉండును. శీతకాలము గట్టిగా చలివేయును. దేశములోని ద్రాక్షతోటలలో అత్యధిక భాగము ఈ కఖేతియందే యున్నది. సపెరవికి పుట్టినిల్లుగా పేరుగన్నదియు ఈ సీమయే.

జార్జియను భాషలో పెరి యనగా రంగు. సపెరవి యనగా రంగువేయుటకు పనికివచ్చునది, అద్దకపు సరకు అని అర్థము. మన కలంకారీ పనివారు చిరివేరును ఎట్లు ఎరుపునకు ఆశ్రయించిరో, ఆ దేశపు తోటమాలి ఈ పండును అట్లు ఆశ్రయించినాడని పేరే చెప్పుచున్నది. ఈ పేరు వట్టి అలంకారము కాదు. సాధారణముగా నల్లద్రాక్షలో రంగంతయు తొక్కలోనే యుండును, కండ వెలవెలబోయియుండును. నల్లద్రాక్షను పిండి తొక్కలను వెంటనే తొలగించినచో దాదాపు తెల్లని ఆసవమే వచ్చును. ఫ్రాన్సులోని షాంపేన్ సీమలో పినో న్వార్ అను నల్లద్రాక్షతో చేయుచున్నది ఇదియే. సపెరవి విషయమున ఈ ఉపాయము సాగదు. దాని కండలోనే రంగు కలదు. పిండగానే ఎరుపు కారును. ఇట్టి జాతులను ఫ్రెంచివారు అద్దకపు ద్రాక్షలనుటకు తగిన పేరుతోనే పిలుతురు. అవి లోకములో కొద్ది. వానిలో పెక్కింటిని ఇతర ఆసవములకు రంగు చేర్చుటకే వాడుదురు. విడిగా వానికి గౌరవము లేదు. రంగుతోపాటు రుచియు, ఆయుర్దాయమును కలిగి తన పేరుతోనే పీటమీద కూర్చుండగలిగిన కొలదిపాటి అద్దకపు ద్రాక్షలలో సపెరవి మొదట చెప్పదగినది.

దీని స్వభావమును ఇంకను కొంచెము విప్పి చెప్పవలెను. ఇది ఆలస్యముగా పండును. ఇతర ద్రాక్షలు తీపెక్కిన కొలది పులుపును కోల్పోవును; సపెరవి పూర్తిగా పండి తీపి నిండినను పులుపును విడువదు. తొక్క మందము, దానిలో వగరు పదార్థము హెచ్చు. రంగు, పులుపు, వగరు అను ఈ మూడును ఆసవమును చెడనీయక నిలుపు కావలివారు. అందుచేత సపెరవి ఆసవము ఏండ్ల తరబడి నిలువయుండగలదు. నిలిచినకొలది వగరు మెత్తబడి, దాగియున్న వాసనలు వెలికి వచ్చును. రుచి యెరిగినవారు దీనిలో నల్లని అడవిపండ్ల వాసనను, అతిమధురమును, మిరియపు ఘాటును గుర్తింతురు. మన నాలుకకు తెలిసిన పోలిక చెప్పవలెనన్నచో నేరేడుపండే తగినది. నేరేడు తిన్న పిల్లవాని నాలుక ఎట్లు ఊదారంగుకు తిరుగునో, ఎట్లు కొంచెము బిగిసికొనునో, సపెరవి చేయు పనియు అట్టిదే. జార్జియనులు ఇట్టి ఆసవమును ఎర్రనిది అనుటకు మారుగా షావి ఘ్వినో, అనగా నల్లని ఆసవము అందురు. గాజుపాత్రలో పోసి దీపమునకెదురుగా పట్టినను వెలుగు దానిగుండ రాదు.

ఇక ప్రాచీనత మాట. జార్జియా రాజధాని త్బిలీసికి దక్షిణమున సుమారు 50 కిలోమీటర్ల దూరములో గదచ్రిలి గోరా, షులవేరి గోరా అను రెండు పాటిదిబ్బలు కలవు. అచ్చట త్రవ్వకములలో దొరకిన మట్టికుండల పెంకులను పరీక్షింపగా, వాని రంధ్రములలో ద్రాక్షకు ప్రత్యేకమైన టార్టారిక్ ఆమ్లపు జాడలు కనబడెను. ఆ కుండల కాలము క్రీస్తుపూర్వము 6000 మొదలు 5800 వరకని నిర్ణయించి పండితులు 2017లో ఆ ఫలితములను ప్రకటించిరి. అనగా నేటికి దాదాపు 8000 సంవత్సరముల క్రిందటనే ఆ ప్రాంతమున ద్రాక్షరసమును కుండలలో పులియబెట్టుట తెలియును. ద్రాక్షాసవమునకు ఇంతవరకు లభించిన రసాయనిక సాక్ష్యములలో ఇది మిక్కిలి పురాతనమైనవానిలో చేరును. అయితే ఆ కుండలలో ఉన్నది సపెరవియే యని చెప్పుటకు ఆధారము లేదు. జార్జియాలో స్వదేశపు ద్రాక్షరకములు 500కు పైగా నమోదైనవి. అంత పెద్ద కుటుంబములో సపెరవి ఒక బిడ్డ మాత్రమే. కాని నల్లనివానిలో పెద్దబిడ్డ.

4వ శతాబ్దియందు ఆ దేశము క్రైస్తవమును స్వీకరించినది. ఆ మతమును తెచ్చిన నీనో యను స్త్రీ ద్రాక్షకొమ్మలు రెండింటిని తన తలవెంట్రుకలతో ముడివేసి శిలువ చేసినదని వారి ఐతిహ్యము. కొమ్మలు మెత్తనివగుటచే ఆ శిలువ చేతులు క్రిందికి వాలియుండును. నేటికిని జార్జియను దేవాలయములలో ఆ వాలుచేతుల శిలువనే చూడవచ్చును. యుద్ధమునకు పోవు యోధుడు కవచము క్రింద, రొమ్ముమీద, ఒక ద్రాక్షకొమ్మను పెట్టుకొని పోయెడివాడనియు, అతడు నేలకూలిన చోట అతని గుండెలోనుండి తీగ మొలచెడిదనియు వారు కథగా చెప్పుకొందురు. కథయే కావచ్చును. కాని ఒక జాతి తన్ను తాను ఎట్లు తలచుకొనునో తెలిసికొనుటకు ఇట్టి కథలకన్న మంచి సాక్ష్యము లేదు.

రాయలసీమలోను, తెలంగాణములోను పూర్వము ధాన్యమును పాతరవేసి దాచుట మన పెద్దలెరిగినదే. జార్జియనులు పాతరవేయునది ద్రాక్షరసమును. క్వెవ్రి యనబడు పెద్ద మట్టిగోలెమును వారు నేలలో మెడవరకు పాతిపెట్టుదురు. దాని ఆకారము గ్రుడ్డువంటిది. అడుగు సన్నగా మొనదేరియుండును. కుమ్మరి దీనిని చక్రముమీద చేయడు. మట్టిని వరుసలు వరుసలుగా పేర్చుచు, ఒక వరుస ఆరినపిదప మరియొక వరుస నెక్కించుచు వారముల తరబడి శ్రమించును. కాల్చిన పిమ్మట, వేడి చల్లారకముందే లోపలివైపు తేనెమైనమును పూయును. ఈ గోలెములు కొన్ని లీటర్లు పట్టునవి మొదలు వేలకొలది లీటర్లు పట్టునవి వరకు కలవు. వానిని పాతియుంచు గదికి మరని యని పేరు.

శరత్కాలమున పండ్లుకోత జరుగును. దానిని ర్త్వేలి యందురు. అది వారికి మన సంక్రాంతివంటి కుటుంబపు పండుగ. కోసిన పండ్లను మ్రానుతో తొలిచిన పెద్ద తొట్టిలో వేసి కాళ్లతో త్రొక్కుట పూర్వపద్ధతి. రసమును, తొక్కలను, గింజలను గోలెములోనికి దింపుదురు. పులిసి పొంగునపుడు తొక్కలు పైకి తేలి గట్టి మూతవలె ఏర్పడును. దినమునకు పలుమారులు పొడుగుకర్రతో దానిని లోనికి త్రోయుచుండవలెను. లేనిచో పైభాగము పాడగును. పొంగు తగ్గినపిదప తొక్కలు మెల్లగా అడుగునకు దిగును. మొనదేరిన అడుగున గింజలు మొదట చేరి, వానిపై మడ్డియు, తొక్కలును పేరుకొనుటచే గింజల చేదు పైరసమునకు అంతగా అంటదు. అప్పుడు మీద బండ పెట్టి మట్టితో మెత్తి మూసివేయుదురు. చుట్టును నేల యుండుటచే చలికాలపు మంచుగాని, పగటి ఎండగాని గోలెమును బాధింపవు. వసంతమున మూత తీయుదురు. పాత్రను కడుగుటయే అన్నిటికన్న కష్టమైన పని. ఒక మనిషి లోనికి దిగి, చెర్రీచెట్టు బెరడుతో కట్టిన కుంచెతో గోడలను రుద్దవలెను. ఈ విధానమును 2013లో యునెస్కో మానవజాతి అమూర్త సంస్కృతీ సంపదల పట్టికలో చేర్చినది.

ఈ పాతరల గూర్చి ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. తోటలు ప్రభువుల కంటికి కనబడును. వానిని కాల్చవచ్చును, పెరికివేయవచ్చును, వానిమీద పన్ను వేయవచ్చును. ఇంటివెనుక నేలలో పాతిన గోలెము అంత తేలికగా కనబడదు. సపెరవి చరిత్రలో ఈ భేదమే ముఖ్యమని మా అభిప్రాయము.

మొదటి పెద్ద ప్రళయము 17వ శతాబ్దిలో వచ్చెను. గోలకొండను మహమ్మద్ కుతుబ్ షా ఏలుచున్న దినములవి. పారశీక ప్రభువైన మొదటి షా అబ్బాసు 1614 మొదలు 1617 వరకు కఖేతిమీద దండెత్తి ఆ సీమను నేలమట్టము చేసెను. ఊళ్లు పాడుపడెను. అచ్చటి ప్రజలను లక్షకు పైగా పారశీకదేశమునకు తరలించిరని చరిత్రకారుల అంచనా. ఇరాను నడుమనున్న ఫెరేదున్‌షహర్ ప్రాంతమున వారి సంతతివారు నేటికిని జార్జియను భాష మాటలాడుచున్నారు.

కఖేతి రాణియైన కేతెవానును షా అబ్బాసు బందీగా ఉంచెను. స్వమతమును విడువుమనగా ఆమె ఒప్పుకొనలేదు. 1624లో షిరాజు నగరమున ఆమెను చిత్రవధ చేసిరి. ఆ నగరమున నుండిన పోర్చుగీసు అగస్టీనియను సన్యాసులు ఆమె అస్థికలలో కొంత భాగమును గోవాకు తెచ్చి తమ మఠమున ఉంచిరి. కాలక్రమమున ఆ మఠము కూలెను. అస్థికల జాడ మరుగుపడెను. మన పురావస్తుశాఖవారు ఆ శిథిలములలో త్రవ్వకములు జరిపి, 2005 ప్రాంతమున కొన్ని ఎముకలను గుర్తించిరి. అవి రాణివియేనా యను ప్రశ్న మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాలయమునకు వచ్చెను. ఆ ఎముకలనుండి తీసిన తల్లిపారంపర్యపు డీఎన్ఏ భారతీయులలో కనబడని తెగకు చెందినదనియు, జార్జియనులలో కనబడునదనియు అచ్చటి శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి. 2021 జూలైలో భారతప్రభుత్వము ఆ పవిత్రశేషమును త్బిలీసిలో జార్జియావారికి అప్పగించినది. ఇట్లు అలజాని లోయ దుఃఖకథ హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో తన ముగింపును కనుగొన్నది.

అటుపిమ్మట కఖేతి మెల్లమెల్లగా లేచి నిలిచెను. 1783లో రెండవ ఎరెక్లె రాజు రష్యా రక్షణను కోరి సంధి చేసికొనెను. ఆ రక్షణ అవసరమునకు అందలేదు. 1795లో పారశీకుడైన ఆగా మహమ్మద్ ఖాను త్బిలీసిని కొల్లగొట్టెను. 1801లో రష్యాచక్రవర్తి ఆ రాజ్యమును తనలో కలుపుకొనెను. స్వాతంత్ర్యము పోయినను, యూరపు పద్ధతులు ప్రవేశించుటకు ఒక దారి తెరచుకొనెను. కవియు, సేనానియునైన అలెగ్జాండర్ చావ్‌చవాద్జే (1786–1846) తేలవి పట్టణ సమీపమున త్సినాందలి యను తన గ్రామములో యూరపువారి రీతిని ఆసవశాలను నెలకొల్పి, పీపాలలో పెంచుటయు, సీసాలకెత్తుటయు సాగించెను. ఆ గ్రామమందలి భాండాగారములో 1841నాటి సపెరవి సీసాలు భద్రపరచబడియున్నవి. ఏండ్లు నిలుచు గుణము సపెరవికి కలదని చెప్పుటకు అంతకన్న సాక్ష్యమేమి కావలెను?

19వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పేనువంటి పురుగు యూరపు తోటలలో పెక్కింటిని వేళ్లు కొరికి చంపెను. జార్జియాయు ఆ వాతబడెను. ఆ పురుగునకు అలవడిన అమెరికా ద్రాక్షల వేళ్లమీద దేశపుకొమ్మను అంటుకట్టుటయే దానికి కనుగొన్న విరుగుడు. తల వారిది, వేరు పరాయిది. ఈ కష్టమున ఎన్నో చిన్న రకములు అంతరించినవి. మంచి దిగుబడియు, చలికి ఓర్చుగుణమును గల సపెరవిని మాత్రము రైతులు విడువలేదు.

1921లో ఎర్రసేన జార్జియాను ఆక్రమించెను. భూములు సమష్టి క్షేత్రములయ్యెను. ఆసవముల తయారీ ప్రభుత్వపు గుత్తయయ్యెను. సోవియెట్ ప్రభుత్వమువలన సపెరవికి మేలును, కీడును రెండును కలిగెనని న్యాయముగా ఒప్పుకొనవలెను. 500 రకముల దేశమున అధికారులు కొద్ది రకములనే ఎంచుకొని ఎక్కడ చూచినను వానినే నాటించిరి. తెల్లవానిలో ర్కత్సితేలి, నల్లవానిలో సపెరవి వారి కంటబడెను. ఇట్లు సపెరవి విస్తరించెను. దాని తోబుట్టువులు మూలబడెను.

ఆ కాలమునందే ముకుజాని, కింద్జ్‌మరౌలి వంటి పేర్లు విశాల సోవియెట్ దేశమంతట వ్యాపించినవి. ఇవి ఊళ్లకును, తోటలకును సంబంధించిన పేర్లు. లోపలి పండు సపెరవియే. ముకుజాని తీపిలేనిది, ఓక్ పీపాలలో ఉంచి పెంచబడునది. 1942 మొదలు తయారైన కింద్జ్‌మరౌలి కొంత తీపిగలది. దాని తీపి చక్కెర కలుపుటవలన రాలేదు. పర్వతముల దాపున శీతకాలము త్వరగా వచ్చినపుడు పులియుట నడుమనే ఆగి, పండు తీపిలో కొంత మిగిలిపోవుట పూర్వమునుండి ఎరిగినదే. దానినే శాలలలో రసమును చల్లబరచి బుద్ధిపూర్వకముగా సాధించిరి. ఇట్లు ఒకే పండు వగరైన గంభీరపానమునకును, తియ్యని తేలికపానమునకును పనికివచ్చెను. కాని సామాన్యముగ శాలలలో చూచినది పరిమాణమునే. ఎన్ని టన్నులు వచ్చెనన్నదే ప్రశ్న. ఏ కొండవాలున, ఎట్లు పండెనన్నది ఎవరికిని పట్టలేదు.

అయితే సమష్టి క్షేత్రపు రైతునకు ఇంటివద్ద ఒక చిన్న పెరడు మిగిలెను. ఆ పెరటిలో అతడు తాతనాటి తీగను ఉంచుకొనెను. మరనిలోని గోలెమును కడుగుట మానలేదు. పెండ్లికిని, చావునకును, అతిథికిని కావలసినదానిని తానే చేసికొనెను. శాలకు పోయినది లెక్కకొరకు పండిన పండు. ఇంట మిగిలినది రుచికొరకు పండిన పండు. ఎట్లు చేయవలెనను జ్ఞానము తండ్రినుండి కొడుకునకు ఈ పెరటిదారినే సాగివచ్చెను.

1985 మే నెలలో గోర్బచేవ్ ప్రభుత్వము మద్యపాన నిరోధోద్యమమును ఆరంభించెను. త్రాగుడు ఆ దేశమున ఘోరమైన వ్యాధియైయుండెననుట నిజమే. ఆ ఉద్దేశమును తప్పుపట్టుట మా పని కాదు. కాని అధికారులు వోద్కాకును ద్రాక్షతోటకును భేదము చూడలేదు. మోల్డావియాలోను, క్రిమియాలోను, జార్జియాలోను తోటలు పెరికివేయబడెను. తరువాతి యేండ్లలో 1991 నాటి స్వాతంత్ర్యమును, దాని వెనువెంటనే వచ్చిన అంతర్యుద్ధమును, కరవును ఆ నష్టమును రెట్టించినవి. 1980ల నడుమ లక్ష హెక్టార్లకు మించియున్న తోటల విస్తీర్ణము రెండు దశాబ్దములలో సగమునకన్న తక్కువకు పడిపోయెను. జార్జియా పేరుతో నకిలీ సీసాలు సంతలలో పెరిగి మంచిపేరును తినివేసినవి.

చివరి దెబ్బ 2006 మార్చిలో తగిలెను. క్రిమిసంహారకముల శేషములు ఉన్నవని కారణము చెప్పి రష్యా ప్రభుత్వము జార్జియా ఆసవముల దిగుమతిని నిషేధించెను. రెండు దేశముల నడుమ వైరము ముదిరిన దినములవి. 2008 ఆగస్టులో అది యుద్ధముగా పరిణమించెను. అంతకు పూర్వము జార్జియా ఎగుమతులలో నూటికి 80 పాళ్లకు మించి రష్యాకే పోవుచుండెడివి. ఒక్క ఉత్తరువుతో ఆ ద్వారము మూతపడెను. పండ్లను కొనువాడు లేక కఖేతి రైతు దిక్కుతోచక నిలిచెను.

ఇచ్చటనే చరిత్ర మలుపు తిరిగినది. రష్యా బజారునకు తీపియు, చౌకయు చాలును. కొత్త బజారులైన యూరపు, అమెరికా, జపాను దేశములలో చౌకసరకునకు లోటు లేదు. అచ్చటివారు అడిగినది మరెక్కడను దొరకనిదానిని. మరెక్కడను దొరకనిది జార్జియావారి యొద్ద రెండు కలవు: స్వదేశపు పండు, నేలలోని గోలెము. పెద్ద శాలలు తమ పద్ధతిని చక్కదిద్దుకొనెను. పెరటిలో చేసికొనుచు వచ్చిన చిన్న కుటుంబములు తాము చేసినదానిని సీసాలకెత్తి తమ పేరు వ్రాయసాగిరి. 11వ శతాబ్దినాటి అలావెర్ది మఠమున సన్యాసులు ప్రాతగోలెములను బాగుచేసి మరల పనిలో పెట్టిరి. అంతవరకు ఊళ్లపేర్ల వెనుక దాగియున్న సపెరవి తన పేరుతోనే సీసాపై నిలిచెను. 2013లో రష్యా నిషేధమును తొలగించెను. ఆ బజారు మరల పెరిగి, 2023లో జార్జియా ఎగుమతులలో సగమునకు పైగా రష్యాకే పోయినవి. ఒకే కొనుగోలుదారునిపై ఆధారపడుటలోని అపాయమును ఎరిగినవారు ఆ దేశమున దీనిని గూర్చి నేటికిని హెచ్చరించుచున్నారు. కావున ఈ కథ సుఖాంతమని చేతులు కడుగుకొనుటకు వీలులేదు.

ఇంతలో తీగ సముద్రములు దాటెను. ఒడెస్సాలో జన్మించి 1951లో అమెరికాకు చేరిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అను వ్యవసాయశాస్త్రజ్ఞుడు న్యూయార్కు రాష్ట్రమున ఫింగర్ లేక్స్ అను సరస్సుల సీమలో యూరపు ద్రాక్షలు పండవను ప్రతీతిని వమ్ముచేసెను. చలికి ఓర్చు సపెరవియు నేడు ఆ సీమలో పండుచున్నది. ఆస్ట్రేలియాలోను కొందరు దీనిని సాగుచేయుచున్నారు. ఎండలు మండు దేశములలో పండ్లు తీపెక్కి పులుపును కోల్పోవుచున్న ఈ రోజులలో, పులుపును విడువని సపెరవి గుణము కొత్తగా విలువ తెచ్చుకొన్నది. ఒకనాడు లోపమనిపించినదే నేడు సుగుణమైనది.

రేడియో శ్రోతలకు ఇష్టమగు ఒక విషయమును చెప్పి ఈ ప్రసంగమును ముగింతుము. జార్జియనుల విందునకు సుప్రా యని పేరు. దానికి ఒక పెద్ద యుండును. అతనిని తమదా యందురు. అతడు లేచి మాట చెప్పినగాని ఎవరును పాత్ర నెత్తరు. చనిపోయినవారిని, పిల్లలను, అతిథులను, మాతృభూమిని వరుసగా తలచుకొనుచు పోదురు. నడుమ నడుమ పురుషులు మూడు గొంతులతో, ఒకదానితోనొకటి పెనవేసికొను బాణీలతో పాడుదురు. కఖేతి విందులలో పాడు అట్టి పాటలలో చాక్రులో యనునది ప్రసిద్ధము. 1977లో అమెరికావారు వోయజర్ నౌకలను ఆకాశమునకు పంపినపుడు, భూలోకపు ధ్వనులను నింపిన బంగారుపూత పలకలో ఈ చాక్రులోను చేర్చిరి. మన కేసర్‌బాయి కేర్కర్ గానముచేసిన భైరవియు ఆ పలకలోనే యున్నది. అలజాని లోయ పాటయు, మన సంగీతమును సూర్యమండలమును దాటి కలిసి పయనించుచున్నవి.

ఒక రకపు ద్రాక్ష నశించినచో లోకమునకు వచ్చు నష్టమేమని అడుగువారు కలరు. పండు ఒక్కటే పోదు. దానిని పండించుటకు కుదిరిన నేలను గూర్చిన తెలివియు, గోలెము చేయు కుమ్మరి చేతిపనియు, ర్త్వేలినాటి ముచ్చటలును, విందులో పాడు పాటయు దానితోనే పోవును. కఖేతివారి తోటలను రాజులు కాల్చిరి, పురుగు తినెను, ప్రభుత్వము పెరికించెను, బజారు విడిచెను. ప్రతిమారును వారికి విత్తనము దొరకినది ఇంటి పెరటిలోనే. ఈ శరత్కాలమునను ఆ లోయలో ఇంటిల్లిపాదియు బుట్టలు చేతబట్టి తోటలలోనికి దిగుదురు. సాయంకాలమునకు వారి చేతులు మోచేతులవరకు ఊదారంగుకు తిరిగియుండును. ఆ రంగు కొన్నాళ్లవరకు వదలదు. సపెరవియను మాటకు అర్థమును ఆ దేశపు పిల్లలు మొదట తెలిసికొనునది ఆ చేతులను చూచియే.